ఉలి, ఉలిక్కి, తవ్వుడు తొట్టి

డాక్టరమ్మ ఫోనులో చెప్పింది చక్రం. అత్తగారి చెవిలో పడింది చక్కెర.

గుండ్రంగా తిరగాల్సిన మాట దారిలోనే తియ్యగా కరిగిపోయింది. "మీ ఎలుకలకి జబ్బేం లేదమ్మా, పనిలేకే ఒళ్ళొచ్చింది. ఓ చక్రం పెట్టండి" అని డాక్టరమ్మ అంటే, "ఎంత పెట్టమంటారు?" అని అడిగింది అత్తగారు. "ఎంత పెద్దదైతే అంత మంచిది. చిన్నదైతే వీపు వంగిపోతుంది" అంది డాక్టరమ్మ. చక్కెర తక్కువైతే వీపు ఎందుకు వంగుతుందని అత్తగారికి అనుమానం రాకపోలేదు. కానీ రెండోసారి అడిగితే చెవుడు సంగతి బయటపడుతుంది. ఆవిడకి చెవుడన్న సంగతి ఆవిడ ఒక్కతే ఒప్పుకోదు. ఇంటిల్లిపాదికీ, పై వాటాలకి మెట్లెక్కి దిగేవాళ్ళందరికీ ఎప్పుడో తెలుసు.

ఆనాటి నుంచి, అందరూ పనుల మీద పోయాక, ఆవిడ చెంచాడు చక్కెర తీసుకెళ్ళి పంజరంలో పెట్టేది. ఎలుకలు రెండూ చెంచా నాకి, మూతులు తుడుచుకుని, మళ్ళీ పడకేసేవి. బొద్దుగా ఉన్నవి కాస్తా బస్తాలయ్యాయి. "డాక్టరమ్మ చెప్పింది చేస్తున్నావా అమ్మమ్మా?" అని మనవరాలు అడిగితే, "మీరు మర్చిపోయినా నేను మర్చిపోతానా తల్లీ" అంది నిండు నమ్మకంతో. ఎలుకల గుట్టు చివరికి చీమలు రట్టు చేశాయి. వంటింటి డబ్బా దగ్గర బయల్దేరిన చీమల బారు పట్టుకుని మనవరాలు పంజరం దాకా వెళ్ళింది. అక్కడ చెంచా ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో నవ్విందెవరయ్యా అంటే అల్లుడొక్కడే.

అల్లుడు వడ్రంగి మేస్త్రి. బీరువాలు, మంచాలు చేసే ఓ కార్ఖానాలో పెద్ద చెయ్యి. నోరు ఇంకా పెద్దది. "చక్రం అంటే చక్కెర పెట్టారు. రేపు నిచ్చెన పెట్టమంటే నెయ్యి పోస్తారేమో అత్తయ్యా" అని తొడ చరుచుకుని నవ్వాడు. భార్య నవ్వలేదు. ఆవిడ మందుల దుకాణంలో పనిచేస్తుంది, డబ్బా మీద రాసింది చదవనిదే తలనొప్పి మాత్ర కూడా మింగదు. కూతురు అసలే నవ్వలేదు. పక్క వాటావాళ్ళు ఇల్లు మారిపోతూ దాని చేతిలో పెట్టి వెళ్ళిన ఎలుకలవి. చిన్నప్పుడు అవి దాని చొక్కా జేబులో నిద్రపోయేవి. దేన్నైనా కొరికి చెక్కేసేదానికి మేస్త్రి 'ఉలి' అని పేరు పెట్టాడు. రెండోది, కాస్త చిన్నది, గ్లాసు కింద పెట్టిన చప్పుడుకే ఎగిరిపడుతుంది కాబట్టి, ఉలికి తోడు 'ఉలిక్కి' అయింది.

"నవ్వుతావేంటి నాన్నా? అవి నడవలేకపోతున్నాయి."

"నడిపిద్దాం. నడవడం ఏంటి, పరిగెత్తిద్దాం. వ్యాయామం అంటే ఏమనుకున్నావ్? వ్యయం మనది, ఆయాసం వాటిది."

అన్నంత పనీ చేశాడు. ఆ వారం మేస్త్రి కార్ఖానా నుంచి వస్తూనే చొక్కా విప్పి ఎలుకల గదిలో కూర్చునేవాడు. గది అంటే గది కాదు, ఒకప్పుడు సామాన్లు పడేసిన చిన్న కొట్టు. ఓ పక్క కిటికీ, ఓ పక్క తలుపు. చువ్వల చక్రమైతే సందుల్లో తోక ఇరుక్కుంటుందని పలక చెక్కని గుండ్రంగా కోసి, మధ్యలో పాత బేరింగు బిగించి, చప్పుడు లేకుండా తిరిగే చక్రం చేశాడు. గోడ వెంట మెట్లు, మెట్టు నుంచి మెట్టుకి తాడు, తాడు చివర గొట్టం. ఊయల మాత్రం అత్తగారు కుట్టింది, పాత ప్యాంటు కాలు కత్తిరించి. దారప్పోగు గోటికి తగులుకుంటుందని మేస్త్రి అంటే, అంచులన్నీ లోపలికి మడిచి మళ్ళీ కుట్టింది. చక్కెర తప్పు దిద్దుకోవాలని ఆవిడ ఆరాటం. కూతురు గింజల్ని కాగితం పొట్లాల్లో చుట్టి గదంతా దాచేది. సాయంత్రం తలుపు కింద సందులో గుడ్డ కుక్కి ఎలుకల్ని వదిలితే, అవి పొట్లాలు వెతుక్కుంటూ, చించుకుంటూ, ఒకదాని నోట్లోది ఇంకోటి లాక్కుంటూ గది చుట్టబెట్టేవి. పదిరోజులు తిరిగేసరికి ఉలికి నడుమొచ్చింది. ఉలిక్కి తనంతట తాను చక్రమెక్కింది.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మేస్త్రికి ఆగడం రాదు.

డాక్టరమ్మ చెప్పిన వాటిలో తవ్వుకోవడం కూడా ఉంది. ఎలుక తవ్వాలట, తలదూర్చాలట, దాక్కోవాలట. "కాగితం ముక్కలు నింపుదాం" అంది కూతురు. "కాగితమా? వడ్రంగి ఇంటి ఎలుకలకి కాగితమా?" అన్నాడు తండ్రి, పరువు పోయినట్టు. ఆ రోజుల్లో కార్ఖానాలో ఓ దేవదారు బీరువా నడుస్తోంది. చిత్రిక పడుతుంటే చెక్క పొట్టు చుట్టలు చుట్టలుగా రాలి కాళ్ళ చుట్టూ కుప్ప పడుతోంది. అంత మెత్తటి పొట్టు, అంత మంచి వాసన. గోనెసంచి నిండా తెచ్చి, ఓ పాత ప్లాస్టిక్ తొట్టిలో పోసి, లోపల గింజలు కలిపాడు. ఎలుకలు దూకి మునిగాయి. పొట్ట కోసం పొట్టులో ఈత. కూతురు చప్పట్లు కొట్టింది.

'అంత మంచి వాసన' అన్నాను కదా. అది మేస్త్రి ముక్కు చెప్పిన మాట కాదు, జ్ఞాపకం చెప్పిన మాట. మేస్త్రికి ముక్కు ఉంది, వాసన లేదు. ఒకసారి పెద్ద జలుబు చేసింది. అది వెళ్తూ వెళ్తూ వాసనని కూడా వెంట తీసుకుపోయింది, తిరిగి పంపలేదు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెప్తే కార్ఖానాలో ఏమవుతుందో తెలుసు. చెక్క ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని ఇది ఫలానా కలప అని చెప్పడంలో అతనికి పేరు. పాలిష్ గదిలో రసాయనాల పొగ తేడాగా ఉంటే ముందు పసిగట్టేది అతనే అని అందరి ధీమా. ఇప్పటికీ ముక్క ముక్కు దాకా ఎత్తుతాడు, కళ్ళు మూసుకుంటాడు, గుండెల నిండా పీలుస్తాడు. చెప్పేది మాత్రం అంతకు ముందే రేఖలు చూసి, బరువు చూసి. ఆ నాటకం ఎంత బాగా కుదిరిందంటే, ఒక్కోసారి వేసేవాడే నమ్మేవాడు.

తొట్టి పెట్టిన మర్నాడే అత్తగారు గది గుమ్మం దగ్గర ఆగి ముక్కు చిట్లించింది.

"ఏంటో బాబూ, లోపల ఘాటుగా ఉంది. కళ్ళు మండుతున్నాయి."

మేస్త్రి నవ్వాడు. "అత్తయ్యా, చెవిలో పడాల్సినవి పడక దారితప్పి మీ ముక్కులోకి వస్తున్నట్టున్నాయి."

ఆవిడకి సగమే వినబడింది. ఆ సగం చాలు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. భార్యకీ, కూతురికీ కూడా వాసన తెలిసింది, కాకపోతే కలప సంగతి మేస్త్రికి చెప్పేంతటి వాళ్ళం మనమా అనుకున్నారు.

కొన్నాళ్ళకి ఉలి తుమ్మడం మొదలుపెట్టింది. తర్వాత ఉలిక్కి. ఎలుక తుమ్మితే మొదట ముద్దుగానే ఉంటుంది. తర్వాత ఉలిక్కి ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వినబడసాగింది. చక్రం ఖాళీగా పడి ఉంది. పొట్లాలు దాచినచోటే ఉన్నాయి. ఓ పొద్దున కూతురు గదిలోంచి పరిగెత్తుకొచ్చి తల్లి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. ఉలిక్కి ముక్కు చుట్టూ, కళ్ళ చుట్టూ ఎర్రగా ఉంది, ఎండిన రక్తంలా.

భార్య చూపు సూటిగా వంటింట్లోకి వెళ్ళింది.

"అమ్మా, మళ్ళీ పెట్టావా?"

"ఏంటే?"

"చక్కెర. చక్కెర పెట్టావా?"

"లేదే. ఒట్టు."

"మొన్న గదిలోంచి పిడికిలి మూసుకుని వచ్చావుగా. నేను చూశాను."

"అవి కిందపడేసిన గింజలే. చీమలు పడతాయని ఏరాను."

"ఏరింది నువ్వే, పెట్టిందీ నువ్వే. నీకు ఒకటి చెప్తే ఒకటి వినబడుతుంది. పెట్టొద్దు అంటే పెట్టు అని వినబడి ఉంటుంది."

మేస్త్రి అక్కడే ఉన్నాడు. మాట్లాడకపోతే బాగుండుననిపించే చోటల్లా మాట్లాడేవాడు, మాట్లాడాల్సిన చోట ఎందుకో ఊరుకున్నాడు. నిజానికి అతనూ అదే అనుకున్నాడు. తీపి ఎక్కువై ఒంట్లో ఏదో చెడి ఉంటుంది. అత్తగారు కావాలని చేసి ఉండదు, పాపం, ప్రేమ కొద్దీ పెట్టి ఉంటుంది. ఆ సాయంత్రమే గది తలుపుకి ఆవిడ చేతికి అందనంత పైన గడియ బిగించాడు. చలిగాలి తగలకూడదని కిటికీ రెక్క మూసి మేకు కొట్టాడు. నీరసంగా ఉన్న ప్రాణాలు మెత్తగా పడుకోవాలని కార్ఖానా నుంచి ఇంకో సంచి తాజా పొట్టు తెచ్చి, పంజరం అడుగున కూడా పరిచాడు.

గడియ బిగిస్తున్నంతసేపూ అత్తగారు కుర్చీలో కూర్చుని చూసింది. సుత్తి దెబ్బలు ఆవిడకి వినబడ్డాయో లేదో గాని, ఎందుకో అర్థమైంది.

"అమ్మమ్మా, నువ్వు వాటి దగ్గరికి రాకు" అంది మనవరాలు. గట్టిగానే అంది, వినబడాలని.

ఆ మాట తర్వాత ఇంట్లో పెద్దావిడ గొంతు తగ్గిపోయింది. మామూలుగా చెవుడున్నవాళ్ళు గట్టిగా మాట్లాడతారు. ఈవిడ పెదవులు కదిపి ఊరుకునేది. ఎలుకలు ఒకపక్క, అలకలు ఒకపక్క. రెండురోజులకి భార్య తన తమ్ముడికి ఫోన్ చేసింది. "అమ్మ కొన్నాళ్ళు నీ దగ్గరుంటుందిరా. ఇక్కడ పిల్ల మొహం చూడలేకపోతున్నాను." కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఆ తమ్ముడూ అడగలేదు, అక్కా చెప్పలేదు. అద్దె కారు నడుపుతాడతను. అతని ఇంట్లో మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. అత్తగారు అక్కడికి వెళ్తే వరండాలో పడుకోవాలి. అది అందరికీ తెలుసు, అత్తగారికీ తెలుసు. మేస్త్రి భార్య సంచి సర్దుతుంటే ఆవిడ పక్కన నిలబడి చీరలు అందించింది.

బావమరిది వచ్చే రోజున మేస్త్రి సెలవు పెట్టి, ఎలుకల్ని బుట్టలో పెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. భార్యకి దుకాణంలో కుదరలేదు, కూతురు బళ్ళో ఉంది. బస్సులో పక్క సీటావిడ లేచి వెనక్కి వెళ్ళి కూర్చుంది. ఎలుకలంటే భయమేమో అనుకున్నాడు. ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్న సంగతి చూశాడు గాని, దాన్నీ భయం ఖాతాలోనే వేశాడు.

డాక్టరమ్మ బుట్ట మూత తీసి, టక్కున తల వెనక్కి లాక్కుంది.

"ఇదేంటండీ, ఏం వేశారు ఇందులో?"

"పొట్టండీ. దేవదారు. మా కార్ఖానాదే."

ఆవిడ ముందు లేచి కిటికీ తెరిచింది. తర్వాత పొట్టంతా తీసి కవర్లో కట్టి బయట పెట్టించింది. ఉలిక్కిని అరచేతిలోకి తీసుకుని, చెవికి దగ్గరగా పెట్టుకుని విన్నది. చాలాసేపు విన్నది.

"చక్కెర వల్లా డాక్టరుగారూ?" అన్నాడు మేస్త్రి.

"చక్కెర వల్ల లావెక్కుతాయి. ఇది చక్కెర కాదు. ఈ చెక్కలో ఉన్న నూనె ఘాటు వీటి ఊపిరితిత్తులకి పడదు. మనం ఒక్కసారి పీలిస్తే బాగుంటుంది. వీటికి రోజంతా అందులోనే మూతి. కిటికీ ఉందా గదిలో?"

"ఉంది. మూశాను."

"ఈ ఎరుపు రక్తం కాదు. కళ్ళ వెనక గ్రంథి ఉంటుంది, ప్రాణానికి బాధగా ఉంటే ఇలా ఎర్రటి నీరు కారుస్తుంది." ఆవిడ దూదితో ఉలిక్కి మూతి తుడిచింది. "తొట్టి మంచిదే, తవ్వుకోనివ్వండి. కాగితం ముక్కలు వేయండి. కానీ ఇంత ఘాటు... గదిలోకి వెళ్తే మీకు తెలియలేదా?"

"తెలిసిందండీ" అన్నాడు మేస్త్రి. అలవాటైన అబద్ధం కదా, తనంతట తానే వచ్చేసింది.

"తెలిసీ వేశారా?"

దేవదారు అని మురిసిపోయి దేవుడి దారి చూపించాను అని ఓ మాట తయారయింది నోట్లో. ఇలాంటివి అతని నోట్లో ఆగవు. అది ఆగింది.

"ఆ పెద్దది తేరుకుంటుంది. ఈ చిన్నదాని సంగతి ఇప్పుడే చెప్పలేను. మందు వేద్దాం, చూద్దాం" అంది డాక్టరమ్మ.

తిరుగు బస్సులో బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో ఏం చెప్పాలన్నది పెద్ద లెక్కేం కాదు. 'పొట్టు పడలేదట' అంటే చాలు. కలప మంచిదే, ఎలుకలకి పడలేదు, అంతే. ఆ మాటతో ఎవరి పరువూ పోదు. కానీ అత్తగారు గుమ్మంలో నిలబడి ఘాటుగా ఉందని చెప్పింది. విన్నాడు. విని, ఆవిడ చెవుడు తీసి ఆవిడ ముక్కు మీదే కొట్టాడు. 'పొట్టు పడలేదట' దగ్గర ఆపితే, రేపు ఇంకేదో జరిగినప్పుడు మళ్ళీ చూపులన్నీ ఆ వంటింట్లోకే వెళ్తాయి. ఇంట్లో ఒకరికి లోపం ఉందని అందరికీ తెలిస్తే, మిగతావాళ్ళ తప్పులన్నీ అక్కడికే చేరతాయి.

ఇంటికొచ్చేసరికి కారు వాకిట్లో ఉంది. బావమరిది కుర్చీ అంచున కూర్చున్నాడు. భార్య దుకాణం నుంచి వచ్చేసింది. కూతురు ఎదురొచ్చి బుట్ట అందుకుంది. అత్తగారు సంచి పక్కన, చెప్పులేసుకుని కూర్చుని ఉంది.

"బావా, సామాను కార్లో పెట్టేయనా?" అంటూ బావమరిది లేచాడు.

"ఉండరా. కూర్చో." మేస్త్రి నిలబడే ఉన్నాడు. గొంతు బాగా తగ్గించి చెప్పాడు. "అత్తయ్య ఏం చేయలేదు. నేను తెచ్చిన పొట్టు వల్లే. దాని ఘాటు వాటి ఊపిరికి పడలేదు. పైగా కిటికీ కూడా మూశాను."

భార్య నుదురు ముడిపడింది. "ఘాటుగా ఉందని నాకూ అనిపించింది. మీరు వేశారు కదా, మీకు తెలీదా అని ఊరుకున్నాను."

"నాకు తెలీదు."

"అంటే?"

"నాకు వాసన తెలీదు. ఆ జలుబు చేసినప్పటి నుంచీ. ఏ వాసనా తెలీదు."

కూతురు బుట్టలోంచి తలెత్తింది. "మరి బడి నుంచి రాగానే నా తల వాసన చూసి, ఇవాళ సుద్దముక్కలు, ఇవాళ రంగులు అని చెప్తావే. కరెక్టుగానే చెప్తావు."

"నీ చేతుల మీద కనబడేవమ్మా."

కూతురు బుట్ట దగ్గరికి లాక్కుంది. తిట్టినా బాగుండేది.

అత్తగారు అందరి మొహాలూ ఒకటొకటిగా చూస్తోంది. "ఏంటే? ఏమంటున్నాడు? చిన్నది పోయిందా?"

"అమ్మమ్మకి వినబడలేదు" అంది కూతురు, అతనివైపు చూడకుండా. "గట్టిగా చెప్పు."

గట్టిగా అంటే ఆవిడకి వినబడేంత గట్టిగా. ఆవిడకి వినబడితే పై వాటాకి కూడా వినబడుతుంది. పై వాటాలో ఉండేది కార్ఖానాలో పాలిష్ పనివాడు. మేస్త్రి ముక్కు మీద భరోసాతో రోజూ పాలిష్ గదిలో పొగ పీల్చేవాడు. జీవితమంతా గొంతు తగ్గించమని చెప్పించుకున్న మనిషికి గొంతు పెంచడం ఇంత కష్టమని ఆ రోజే తెలిసింది.

"అత్తయ్యా, మీ తప్పేం లేదు. నేను తెచ్చిన చెక్క పొట్టు వల్లే వాటికి ఇలా అయింది. నాకు ముక్కు పనిచేయదు. చాన్నాళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. ఘాటుగా ఉందని మీరు చెప్తే ఎగతాళి చేశాను."

పైన తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

అత్తగారు తలూపింది. "నువ్వు ఏమన్నావో అప్పుడే అర్థమైంది నాకు. చెవుడు గురించి కదా."

"అవును అత్తయ్యా."

"ఉందిగా మరి" అంది ఆవిడ. ఇంట్లో ఎవరూ ఆ మాట ఆవిడ నోట అంతవరకు వినలేదు. "ఉన్నదాన్ని ఉంది అంటే సరిపోతుంది. ఇంతమందిని తిప్పలు పెట్టక్కర్లేదు."

ఆ ముక్క తనకోసం అందో, అతని కోసం అందో చెప్పలేదు. బావమరిది సంచి వైపు చూశాడు. "అయితే అమ్మా, ఇది లోపల పెట్టేయనా?"

"నేను సర్దలేదు నాయనా. సర్దినవాళ్ళనే అడుగు."

మేస్త్రి భార్య లేచింది. సంచి దగ్గరికి వెళ్ళింది గాని ఎత్తలేదు, తల్లి ముందు నేల మీద కూర్చుండిపోయింది. కూతురు మందు చుక్క ఉలిక్కి నోట్లో వేయడానికి తంటాలు పడుతోంది. అది తల తిప్పేస్తోంది. ఉలి పక్కనే కూర్చుని దాని చెవి నాకుతోంది.

మెట్ల మీంచి పాలిష్ పనివాడు సగం దిగి తొంగిచూశాడు. "ఏంటి మేస్త్రీ, ముక్కు పనిచేయదంటున్నావ్? ఎవరికి?"

మేస్త్రి గడప దాటి మెట్ల దగ్గరికి వెళ్ళాడు. ఇంకా ఇద్దరు ముగ్గురు తలుపుల్లో నిలబడి ఉన్నారు. ఎలుకలకి చెడ్డ తిండి పెట్టిందని ఆ ముసలావిడని పంపించేస్తున్నారని వాళ్ళకి అంతకు ముందే తెలుసు. అలాంటివి తెలియడానికి ముక్కూ చెవీ అక్కర్లేదు.

"నాకే" అన్నాడు. తర్వాత తొట్టి దగ్గర్నుంచి మొదలుపెట్టి, గడియా, కిటికీ, సంచీ అన్నీ వరసగా, ఒక్క వేళాకోళం లేకుండా, ఆఖరి మెట్టు మీద ఉన్నవాళ్ళకి కూడా వినబడేలా చెప్పుకొచ్చాడు.